కోతకు పోని పేరు

మా బైండింగు బాబాయి పోయారు. మొన్న మంగళవారం పొద్దున టీ తాగి, గ్లాసు పక్కన పెట్టి, గోడకి చేరగిలబడినవారు అట్లాగే ఉండిపోయారట. వాళ్ళమ్మాయి మా ఊరు తిరువూరు నుంచి ఫోన్ చేసి "అక్కా, నాన్న వెళ్ళిపోయారు" అంది. నేను బెజవాడలో బస్సెక్కి వెళ్ళేసరికి మధ్యాహ్నం నమాజు అయిపోయి, ఆయన్ని తీసుకెళ్ళిపోయారు. ఎనభై దాటిన మనిషి. నిండు వయసే, కాదనను. కానీ నాకు ఏడుపు ఆగలేదు.

ఈ పేజీలో నా కార్టూన్లు చూసేవాళ్ళకి నేను తెలుసేమో గానీ ఆయన తెలియదు. ఆయన బొమ్మలు వేసినవారు కాదు, పుస్తకాలు కుట్టినవారు. అయినా నేను ఇన్నేళ్ళుగా గీస్తున్న గీతలకి మొదలు ఆయన కొట్టు అరుగు మీదే ఉంది. అందుకని ఈ వారం నా చోట బొమ్మ లేదు. ఆయన గురించి నాలుగు మాటలు చెప్పుకుంటాను, ఏమనుకోకండి.

డెబ్బైల్లో మా ఊళ్ళో ఆడవాళ్ళకి వారపత్రిక అంటే సీరియలే. బెజవాడ బస్సులో పత్రికల కట్ట దిగిన రోజు పొయ్యి మీద కూర మాడినా పట్టేది కాదు. చదవడం అయ్యాక సీరియల్ పేజీలు జాగ్రత్తగా చింపి, పరుపు కింద దాచేవాళ్ళు. కథ అయిపోయిన వారం ఆ కాయితాలన్నీ వరసగా పేర్చి, పురికొసతో కట్టి, బస్టాండు దగ్గర సైకిల్ షాపు పక్కనున్న సాయిబు గారి కొట్టుకి పంపేవాళ్ళు. వారం తిరిగేసరికి అవి ఎర్ర గుడ్డ వీపుతో, గట్టి అట్టతో నవల అయిపోయి వచ్చేవి. మా ఊరే కాదు, చుట్టుపక్కల ఊళ్ళ నుంచి కూడా కట్టలు వచ్చేవి.

ఇందులో తమాషా ఏంటంటే, సీరియల్ కోసం చింపిన పేజీకి వెనకో, కింద మూలనో ఓ కార్టూను ఉండేది. కథతో పాటు అదీ కుట్టులోకి వచ్చేది. అంచేత మా ఊళ్ళో బైండు పుస్తకాలన్నీ ఏడుపు కథలే అయినా, హీరోయిన్ కళ్ళు తుడుచుకునే చోట పక్కనే అప్పడాల కర్ర పట్టుకున్న పెళ్ళాం, మంచం కింద దూరిన మొగుడు ఉండేవాళ్ళు. ఏడ్చేవాళ్ళు ఏడుస్తూనే ఫక్కున నవ్వేవాళ్ళు.

అందరికీ అది నచ్చేది కాదు. దగ్గర్లోని నెమలి అనే ఊరి నుంచి ఓ పెద్దావిడ వచ్చేది. గుడి దర్శనం ఎంత నిష్ఠో సీరియల్ కూడా అంత నిష్ఠ ఆవిడకి. "సాయిబు గారూ, కథ మధ్యలో ఈ పిచ్చి బొమ్మలేంటండీ? వాటి మీద తెల్లకాయితం అంటించెయ్యండి" అంది.

"అట్లాగే అంటిస్తానమ్మా" అన్నారు బాబాయి.

అంటించారు. కాకపోతే కాయితానికి పైఅంచున మాత్రమే జిగురు రాశారు. కావాలంటే వేలితో ఎత్తి చూడొచ్చు, వద్దంటే మూసుకోవచ్చు. నేను చూసి "ఇదేంటి బాబాయ్, ఊడిపోదూ?" అంటే, "ఊడదమ్మా, తెరుచుకుంటది" అన్నారు. మరుసటేడు ఆవిడ ఇంకో కట్ట తెచ్చి, "నిరుడు అంటించినట్టే అంటించండి, అచ్చం అట్లాగే" అని మరీ మరీ చెప్పి వెళ్ళింది. ఆవిడ వీధి మలుపు తిరిగేదాకా ఆగి మేమిద్దరం పొట్ట పట్టుకుని నవ్వాం.

నేను ఆ కొట్టుకి మొదటిసారి అమ్మ ఇచ్చిన కట్ట పట్టుకుని వెళ్ళాను. పదమూడేళ్ళుంటాయి. ఆయనకి ముప్ఫై దాటి ఉంటాయి. సన్నగా, పొడుగ్గా, వేళ్ళకి ఎప్పుడూ ఎండిన మైదా జిగురు. పురుగు పట్టకుండా అందులో మైలుతుత్తం కలిపేవారు కాబట్టి గోళ్ళు కాస్త నీలంగా ఉండేవి. కుట్టిన పుస్తకాన్ని రెండు చెక్కల మధ్య బిగించి, మూడు వైపులా అంచులు సమంగా కోసేవారు. కోసిన అంచులు సన్నటి పట్టీలుగా రాలేవి. వేలెడు వెడల్పు, జానెడు పొడుగు. వాటిలో తెల్లగా ఉన్నవి ఏరి బిస్కెట్ల రేకు డబ్బాలో వేసేవారు. నేను అటే చూస్తుంటే డబ్బా నా ముందుకి తోసి, "గీసుకుంటావా?" అన్నారు. అంతే. ఆ రోజు నుంచి స్కూలు వదలగానే నా కాళ్ళు అటే పోయేవి. ఆ పట్టీల మీద చీమల వరసలు, బస్సు కోసం నిలబడ్డ జనం, మామిడికాయల బుట్టలతో వచ్చే రెడ్డిగూడెం ఆడవాళ్ళు. పొడుగు కాయితం కాబట్టి నా మనుషులంతా ఒకరి వెనక ఒకరు నడుస్తూనే ఉండేవాళ్ళు.

ఆ పట్టీల్లోనే నాకో సంగతి కనపడింది. కార్టూనిస్టులు తమ పేరు బొమ్మ కింద మూలన, అంచుకి ఆనించి రాసుకుంటారు. చింపిన కాయితాలు ఎగుడుదిగుడుగా ఉంటాయి కాబట్టి అంచులు కొంచెం లోపలికే కొయ్యాల్సి వచ్చేది. దాంతో ఆ పేర్లు కోతలోకి పోయేవి. ఓ పట్టీ మీద సగం అక్షరం, ఇంకోదాని మీద ఓ తోక. నాకు కడుపు మండిపోయింది.

"అన్యాయం బాబాయ్. బొమ్మ ఉంచి, వేసినాయన పేరు కోసేస్తున్నారు."

"కత్తికి చదువు రాదు కదమ్మా" అన్నారు సాన మీద కత్తి నూరుతూ. "అంచుకి రాసుకుంటే నేనేం చెయ్యను? కాస్త లోపలికి రాసుకోమని చెప్పు వాళ్ళకి."

నేను గీసినవి ఆయనకి చూపించేదాన్ని. ఆయన మొహమాటానికి నవ్వే రకం కాదు. కుడుతూ కుడుతూ ఓరగా చూసేవారు. చెయ్యి ఆగకపోతే బొమ్మ పనికిరానట్టు. సూది గాల్లో ఆగితే బాగున్నట్టు. ఒక్కోసారి నెల పొడుగునా ఆ సూది ఆగేది కాదు. కోపం వచ్చి "మీకు నవ్వడం రాదు బాబాయ్" అంటే, "వచ్చమ్మా, నువ్వే రప్పించట్లా" అనేవారు. ఈ రోజుక్కూడా బొమ్మ పూర్తయ్యాక నేను నన్ను అడిగే ప్రశ్న ఒకటే, బాబాయి సూది ఆగేదా లేదా అని.

సూది ఆగడమే కాదు, బొటనవేలికి గుచ్చుకున్న బొమ్మ ఒకటుంది. అది మా నాన్న బొమ్మ.

మా నాన్నకి రెడ్డిగూడెం దారిలో మామిడితోట ఉండేది. కాపు లేని రోజుల్లో పొద్దున్నే అరుగు మీద పడక్కుర్చీ వేసుకుని పేపరు తెరిస్తే పదకొండింటిదాకా దించేవాడు కాదు. అమ్మ బియ్యం లేవన్నా, ఎవరో చుట్టాలు వచ్చారన్నా పేపరు వెనక నుంచి "ఊఁ" అని వినపడేది. మధ్యమధ్య ఓ చెయ్యి బయటికి వచ్చి, నశ్యం డబ్బాలోంచి చిటికెడు తీసుకుని మళ్ళీ లోపలికి పోయేది. చదివిన పేపరు మూలలన్నీ ఆయన బొటనవేలి గోధుమరంగు మచ్చలే. నేనేం గీశానంటే, డ్రాయింగు మాస్టారు ఓ పిల్ల పలక చూస్తూ "మీ నాన్న బొమ్మ వెయ్యమంటే పేపరు వేశావేంటి?" అంటాడు. ఆ పిల్ల, "మా నాన్న ఇట్లాగే ఉంటాడు సార్" అంటుంది. పలక మీద రెండు కాళ్ళున్న పేపరు, పక్క నుంచి నశ్యం పట్టుకున్న చెయ్యి.

బాబాయి వేలు చీకుకుంటూ "పత్రికకి పంపు" అన్నారు. మందపాటి తెల్లకాయితం, నల్ల ఇంకు ఆయనే ఇచ్చారు. తిరిగొస్తే ఇంట్లో తెలుస్తుందని నేను భయపడితే తిరుగు కవరు మీద తన కొట్టు అడ్రసు రాయించారు. "పేరు లోపలికి రాసుకోమ్మా" అని చెప్పారు కూడా. నేను వింటానా? పెద్దవాళ్ళంతా మూలనే వేస్తారు, నేనూ మూలనే వేస్తానని కింద మూలకి ఆనించి నా పేరు, పక్కన తిరువూరు అని రాశాను.

కొన్ని నెలలకి అది అచ్చయింది. మా అమ్మ చదివే సీరియల్ పేజీలోనే, కింద మూలన. ఆ రోజు నా ఆనందం గురించి రాయబోతే ఈ పేజీ చాలదు. ఆ ఆనందం మధ్యాహ్నం దాకే ఉంది లెండి. బస్టాండు హోటల్లో ఆ పత్రిక ముందే చేతులు మారింది. తిరువూరు అని ఉంది, అమ్మాయి పేరుంది, నశ్యం చెయ్యి ఉంది, ఇంకేం కావాలి? నాన్న టీకి వెళ్తే "ఏవండోయ్, పేపరు కాస్త దించితే మీ మొహం చూస్తాం" అని ఒకరు, "ఏదీ, నశ్యం చెయ్యి చూపించండి" అని ఒకరు. ఆయన టీ తాగకుండానే ఇంటికొచ్చి, గూట్లో ఉన్న పత్రిక తీసి, ఆ పేజీ లాగి, నా కళ్ళ ముందే నాలుగు ముక్కలు చేశాడు.

"ఊరంతా నవ్వుకోడానికి నేనే దొరికానటే నీకు?"

అరిచినట్టు అనలేదు. అది నాకు ఇప్పుడు గుర్తొస్తోంది, అప్పుడు పట్టించుకోలేదు. వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చిన అమ్మ నెత్తి కొట్టుకుంది. నా బొమ్మ కోసం అనుకునేరు, కాదు. "అయ్యో అయ్యో, నేనింకా చదవలేదండీ! ఆ పిల్ల రైలెక్కిందో లేదో ఇప్పుడు నాకెట్లా తెలుస్తుంది?" అని. నేను ఏడుస్తూ పెరట్లోకి పోయాను. తిరిగి వచ్చేసరికి ముక్కలు లేవు. పొయ్యిలో వేసేసి ఉంటారనుకున్నాను. ఊళ్ళో ఇంకెవరినైనా కాపీ అడగడానికి మొహం చెల్లలేదు. నా దగ్గర ఏమీ మిగల్లేదు.

రెండు నెలలు పెన్సిలు ముట్టుకోలేదు. బాబాయి కొట్టు వైపు పోలేదు. ఏ మొహం పెట్టుకుని పోను? ఈలోగా అమ్మ ఒకరోజు పక్కింటావిడతో "ఆ పిల్ల మద్రాసు రైలెక్కిందిలే వదినా" అంటుంటే, ఎవరిళ్ళలోనో చదివి ఉంటుందనుకుని పట్టించుకోలేదు. సీరియల్ అయిపోయింది. కట్ట ఇవ్వడానికి అమ్మే వెళ్ళింది. వస్తూ వస్తూ "సాయిబు గారు నిన్నోసారి రమ్మన్నారే" అని చెప్పింది.

వెళ్ళాను. బాబాయి నన్ను చూడగానే లేచారు. వెనకాల దొంతర్లోంచి కట్టలు తీసి నా ముందు వరసగా పెట్టారు. అన్నీ ఆ సీరియలే. ఒక్కో కట్ట విప్పి, ఒక్కో పేజీ తెరిచారు. ప్రతిదాంట్లోనూ రెండు కాళ్ళ పేపరు, నశ్యం చెయ్యి. నా బొమ్మ! ఒకటి కాదు, తొమ్మిది.

"ఇది నెమలి పెద్దమ్మగారిది. ఇవి రెండూ వినగడప. ఇది రెడ్డిగూడెం. మిగతావి మన ఊళ్ళోవే" అన్నారు. "మీ నాన్నగారు చింపింది ఒక్కటేనమ్మా. వీటిని నేను కుడతా. నేను కుట్టింది చింపడం ఎవరి వల్లా కాదు."

నాకు ఏడుపు, నవ్వు ఒకేసారి వచ్చాయి. ఆ ఏడుపులోనూ నా పంతం నాదే. "బొమ్మ ఉంటే ఏం లాభం బాబాయ్? నా పేరు మూలనే ఉంది. కోసేస్తారుగా!"

"కత్తికి చదువు రాదు కదమ్మా" అని నవ్వారు. తర్వాత రేకు డబ్బా నా ముందుకి తోశారు. మూత పట్టనంతగా పట్టీలు. "రెండు నెలల కోత. వాడేవాళ్ళు లేక పేరుకుపోయింది" అన్నారు.

ఆ సాయంత్రం గియ్యడం మొదలుపెట్టిన దాన్ని మళ్ళీ ఆపలేదు. ఆయన ఆ కట్టలు విప్పి చూపించకపోతే నేను ఏమై ఉండేదాన్నో నాకు తెలియదు. అన్నం వండుకుంటూ బతికి ఉండేదాన్ని, అందులో తప్పేం లేదు. కానీ ఇది ఉండేది కాదు.

నాన్న మళ్ళీ ఆ ఊసెత్తలేదు. వెయ్యమనీ అనలేదు, వద్దనీ అనలేదు. తర్వాత నావి చాలా అచ్చయ్యాయి. వాటిని చూశాడో లేదో తెలియదు. పెళ్ళయి నేను బెజవాడ వచ్చేశాను. ఆయన పోయి పదిహేనేళ్ళు దాటింది. పోయేదాకా ఆ చిరిగిన పేజీ గురించి మేం ఒక్క ముక్క మాట్లాడుకోలేదు. ఆయన నన్ను క్షమించాడా లేదా అన్నది నాకు ముల్లులా ఉండిపోయింది.

సీరియల్ బైండింగులు తగ్గిపోయాక బాబాయి స్కూలు రికార్డులు, పంచాయితీ రిజిస్టర్లు కుట్టారు. చెయ్యి వణకడం మొదలయ్యాక సూది పక్కన పెట్టారు. నేను ఊరు వెళ్ళినప్పుడల్లా కొత్త కార్టూన్లు పట్టుకెళ్ళేదాన్ని. సూది లేదు కాబట్టి టీ గ్లాసు చూసేదాన్ని. గ్లాసు పెదాల దాకా వెళ్ళకుండా మధ్యలో ఆగితే గెలిచినట్టు. పోయిన వేసవిలో వెళ్ళినప్పుడు రెండుసార్లు ఆగింది. ఆ రోజే ఆయన ఉన్నట్టుండి "మీ అమ్మగారి పుస్తకం ఉందామ్మా?" అని అడిగారు.

"ఏ పుస్తకం బాబాయ్?"

"అదే, రైలు పిల్ల కథ."

"ఉంది. అమ్మ పోయాక పెట్టెతో సహా తెచ్చుకున్నా. అటక మీదుంది."

"కుట్టు ఊడలేదుగా?"

"తీసి చూడలేదు."

"ఒకసారి చూడమ్మా. వదులైతే పట్టుకురా" అన్నారు. పనివాడి పట్టుదలలే అనుకున్నాను. ఆ పుస్తకం తెరవాలని నాకెప్పుడూ అనిపించలేదు. అందులో నా పేజీ ఉండాల్సిన చోట ఉండదని తెలుసు, దాన్నెందుకు చూసుకోవడం? బెజవాడ వచ్చి ఆ మాటే మర్చిపోయాను. మర్చిపోయినందుకు నన్ను నేను తిట్టుకుంటున్నాను.

మంగళవారం వాళ్ళింట్లో కూర్చున్నప్పుడు వాళ్ళమ్మాయి రేకు డబ్బా తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. "నీకివ్వమన్నారక్కా" అంది. అడుగున ఇంకా గుప్పెడు పట్టీలు ఉన్నాయి, పసుపుపచ్చగా మారిపోయి. ఇంటికి రాగానే చీర కూడా మార్చుకోకుండా నిచ్చెనేసుకుని అటకెక్కి పెట్టె దించాను.

పుస్తకం అమ్మ పాత చీర ముక్కలో చుట్టి ఉంది. కుట్టు ఎక్కడా వదల్లేదు. ఒక్కో వారం తిప్పుకుంటూ పోయాను. రైలు స్టేషను వచ్చింది. ఆ తర్వాత ఉండకూడని పేజీ ఉంది.

నాన్న చింపిన పేజీ. అదే. నాలుగు ముక్కలూ అక్షరానికి అక్షరం కలిపి, పల్చటి ఉల్లిపొర కాయితం అంటించి, వెనక అంచుకి కోతల డబ్బాలోని తెల్లపట్టీ ఒకటి అతికి, దాన్ని మిగతావాటితో పాటు కుట్టారు. ముక్కలు ఏరి దాచింది మా అమ్మే అయి ఉంటుంది. ఆవిడకి రైలు కావాలి. కింద నా బొమ్మ ఉంది, నిలువునా అడ్డంగా రెండు చిరుగు గీతలతో. ఆ కాయితం కింది మూల మాత్రం లోపలికి మడిచి ఉంది. పక్క పేజీలకి లేని మడత. కత్తి పెట్టేముందు మూలని లోపలికి మడిస్తే అది కోతకి అందదు. కత్తికి చదువు రాదని నాతో నవ్వుతూ చెప్పిన మనిషి, నా పేరున్న మూలని మడిచి దాచిపెట్టి కత్తి పెట్టారు. తొమ్మిది పుస్తకాల్లోనూ అట్లాగే మడిచి ఉంటారు, నాకు అనుమానం లేదు.

మడత విప్పాను. కొత్తగా విప్పినట్టు లేదు. చాలాసార్లు విప్పి, మళ్ళీ మడిచినందువల్ల మడత దగ్గర కాయితం నలిగి మెత్తబడిపోయింది. నా పేరు, తిరువూరు, రెండూ చెక్కుచెదరకుండా ఉన్నాయి. వాటి మీదా పక్కనా గోధుమరంగు బొటనవేలి మచ్చలు. ఒకటి కాదు, రెండు కాదు. నశ్యం మచ్చలు. మా ఇంట్లో నశ్యం పీల్చే మనిషి ఒక్కరే.

బాబాయికి ఇది తెలుసో లేదో ఇక అడగలేను. కుట్టడం ఆయన చేశారు, తెరవడం మాకు వదిలేశారు. నాన్న తెరిచాడు. నేను ఇన్నేళ్ళు తెరవలేదు.

పుస్తకం మూసేటప్పుడు ఆ మూలని మళ్ళీ మడవడానికి చెయ్యి రాలేదు. ఇప్పుడది నా బల్ల మీదుంది. మూడు వైపులా సమంగా కోసిన అంచుల్లోంచి, వేలెడు కాయితం ఒక్కటి బయటికి వచ్చి ఉంది, నశ్యం మచ్చలతో, నా పేరుతో.